ఎడమచేతి చుట్టల పెట్టె

నలభై ఏళ్ళు చుట్టలు చుట్టిన మనిషి దగ్గర తను చుట్టినవి ఓ యాభై తప్ప ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. కుండ చేసినవాడి కుండ ఎక్కడో ఓ ఇంట్లో నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. బట్ట నేసినవాడి బట్ట చివరికి మసిగుడ్డగా అయినా నాలుగు రోజులు బతుకుతుంది. చుట్ట సంగతి అలా కాదు. అది బాగా కుదిరిందంటే బాగా కాలిపోయిందనే అర్థం. కొలబద్దమ్మకు పనిలో ఉన్నన్నాళ్ళూ ఈ ఆలోచన రాలేదు. చుట్టల కార్ఖానా మూతపడిన మర్నాడు అలవాటు కొద్దీ పొద్దున్నే లేచి, ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదని గుర్తొచ్చి, మళ్ళీ పడుకుని పైకప్పు చూస్తుంటే వచ్చింది. వచ్చిన ఆలోచన ఇక కదల్లేదు.

కొలబద్దమ్మ అన్నది కార్ఖానాలో పెట్టిన పేరు. మిగిలినవాళ్ళు చుట్టిన చుట్టను బల్ల మీది గీతకు ఆనించి కొసలు కత్తిరించేవారు. ఆవిడ గీత వంక చూడకుండానే కత్తిరించేది, అయినా వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. మొదట ఎగతాళికి పెట్టిన పేరే తర్వాత గౌరవమైంది. ఇంట్లో మాత్రం ఆవిడ అక్క. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు ఆవిడ ఎప్పుడూ పక్కకు చూసి వేరే సంగతేదో చెప్పేది, ఎత్తేవాళ్ళే అలిసిపోయారు. తనకన్నా ఏడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు, అతని భార్య, వాళ్ళ ఇంట్లోనే మెట్ల పక్కన ఒక గది, అదీ ఆవిడ సంసారం. తమ్ముడు తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. ఇంటి కింది భాగమంతా అతని షెడ్డు. ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు తనవేనని చెప్పుకుంటాడు, మిగిలిన సగం సరిగ్గా పడవని కూడా చెబుతాడు.

కార్ఖానా ఆఖరి రోజున ముసలి యజమాని అందరినీ పిలిచి, "ఎవరు చుట్టినవి వాళ్ళు యాభై తీసుకుపొండమ్మా. నా గుర్తుగా కాదు, మీ గుర్తుగానే," అన్నాడు. మిగిలినవాళ్ళు వాటిని అన్నదమ్ములకో అల్లుళ్ళకో ఇచ్చేశారు. కొలబద్దమ్మ తన యాభైని పాత పంచెలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున దాచుకుంది. ఆవిడ జన్మలో ఒక్క చుట్ట వెలిగించలేదు. పనివాళ్ళకు రోజుకు రెండేసి ఇచ్చేవారు, అవి తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టేది. అతను భోజనమయ్యాక ఒకటి, సాయంత్రం రంపం దించాక ఒకటి కాల్చి, "బాగుందక్కా" అనేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే మాట. ఇప్పుడు కొట్టులో కొన్నది రోజుకొకటి కాలుస్తూ మొహం చిట్లిస్తున్నాడు. అక్క పెట్టెలో యాభై ఉన్నాయని తెలుసు. ఒక్కటి ఇమ్మని ఒక్కనాడూ అడగలేదు.

నెల తిరిగాక ఆవిడ మూట విప్పింది. పై ఆకులు అక్కడక్కడ సన్నగా చిట్లాయి. చుట్టకు ప్రాణం పదునులో ఉంటుంది. పదునంటే మరీ తడి కాదు, మరీ పొడి కాదు. ఆకును నలిపితే చెవి తమ్మెలా మెత్తగా లొంగాలి, విరగకూడదు. కొత్తగా చేరిన ఆడపిల్లలకు ఆవిడ ఒక చేత్తో వాళ్ళ చెవిని వాళ్ళనే పట్టుకోమని, రెండో చేతిలో ఆకు పెట్టి నేర్పేది. ఇప్పుడు అలాగే తన చెవి తమ్మె పట్టుకుని, ఎడమచేత్తో చుట్ట నొక్కింది. చెవికి వేళ్ళు తగిలినట్టు తెలిసింది, వేళ్ళకు మాత్రం చెవి తగిలినట్టూ చుట్ట తగిలినట్టూ తెలియలేదు.

ఇది ఆవిడ ఎవరికీ చెప్పని సంగతి. ఏడాదిగా వేళ్ళ కొసలు దూరమైపోతున్నాయి. నొప్పి లేదు, మంట లేదు. నిద్రపట్టే ముందు ఒళ్ళు తేలిపోతున్నట్టుంటుందే, వేళ్ళు మాత్రం పగలంతా అలా ఉంటాయి. కార్ఖానాలో ఆఖరి నెలలన్నీ ఆవిడ ఆకును బుగ్గకు తాకించి పదును చూసుకుంది, ముద్దు పెట్టుకుంటున్నావా అని పక్కవాళ్ళు నవ్వారు. అంటే ఇక మీదట చుట్టడమనేది లేదు. ఈ యాభైయే ఉన్నాయి. ఇవి పొడై రాలిపోతే నలభై ఏళ్ళు తను భూమ్మీద ఏం చేసిందో చూపించడానికి ఏమీ ఉండదు. ఆవిడకు ఏడుపు రాలేదు కానీ చాలా భయం వేసింది.

ఆ మధ్యాహ్నమే షెడ్డులోకి దిగి, "ఒరేయ్ తమ్ముడూ, నాకో పెట్టె చేసిపెట్టాలి," అంది.

"పెట్టెలు ఎవరైనా చేస్తారక్కా. నేను తలుపులవాణ్ణి."

"ఎవరైనా చేసే పెట్టె కాదు. లోపల ఎప్పుడూ వాన కురిసి వెలిసినట్టుండాలి. ఆ గాలి బయటికి పోకూడదు, బయట గాలి లోపలికి రాకూడదు."

అతను చిత్రిక కింద పెట్టి, "అయితే నా చదువంతా తలకిందులు చెయ్యాలన్నమాట," అన్నాడు. తలుపు చేసేవాడు వానాకాలాన్ని తలుచుకుని చేస్తాడు. చెక్క ఉబ్బుతుంది, అందుకని రవ్వంత సందు వదలాలి. వదలకపోతే మొదటి వానకే ఇంటివాళ్ళు తలుపుతో కుస్తీ పడుతూ వడ్రంగిని తిడతారు. ముప్పై అయిదేళ్ళుగా సందు వదలడమే నేర్చిన చేతులకు ఇప్పుడు సందు లేకుండా చెయ్యమంటే ఎంత కష్టం. మొదటి మూత రెండుసార్లు వదులుగా వచ్చింది. అక్క మూత కింద కాగితం ముక్క పెట్టి లాగితే జర్రున ఊడివచ్చింది.

"దీంట్లోంచి చుట్టలేం ఖర్మ, పిల్లే దూరిపోతుంది," అంది మరదలు మెట్ల మీద నిలబడి. ఆవిడ మాట పడితే ముల్లుగర్రే, మనసు మాత్రం వెన్న. "వదినా, కాల్చుకునేదాన్ని కాల్చుకోకుండా దాచుకోవడమేంటి? కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూరుకుంటున్నాను గానీ."

"నువ్వూరుకున్నది ఎప్పుడో ఒకసారి నాక్కూడా చూపించు," అన్నాడు మొగుడు.

చెక్క కార్ఖానాదే. చుట్టలు మాగబెట్టే గదిలోని అరలు ఊడదీస్తుంటే అక్క నాలుగు పలకలు అడిగి తెచ్చుకుంది. ఎర్రటి తేలికైన చెక్క, దాని అసలు పేరేంటో అక్కడెవరికీ తెలియదు, చుట్టల చెక్క అనేవారు. ఏళ్ళ మురికి పైన నల్లగా పట్టేసింది. తమ్ముడు చిత్రిక పట్టాడు. మొదటి చుట్టుకు నల్లటి పొట్టు రాలింది, రెండో చుట్టుకు గోధుమరంగుది, మూడో చుట్టుకు లోపలి ఎరుపు బయటపడి షెడ్డంతా ఆ మాగిన వాసన నిండింది. కొలబద్దమ్మ గోడకు ఆనుకుని పొట్టు కుప్ప మీదే కూర్చుండిపోయింది.

ఆ వారం రోజుల మధ్యాహ్నాలు ఆవిడకు ఏది ముందో ఏది వెనకో తెలియకుండా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కిటికీలోంచి ఎండ వాలుగా పడేది, అందులో చెక్క పొడి దిగకుండా ఎగరకుండా అక్కడే నిలబడేది. చిత్రిక చప్పుడు వింటూ వింటూ ఆవిడ కళ్ళు మూతలు పడేవి. అప్పుడు తను చుట్టిన చుట్టలన్నిటి పొగా ఒక్కచోటికి వచ్చేది. ఏ మేడ మీదనో పేపరు చదువుకుంటున్న ముసలాయన పొగ, ఏ స్టేషను బెంచీ మీదనో రైలు తప్పిపోయినవాడి పొగ, కూతురు పుట్టిందని స్నేహితులకు పంచినవాడి పొగ, అన్నీ ఇళ్ళ కప్పుల మీదుగా నెమ్మదిగా వచ్చి షెడ్డు కిటికీ దగ్గర ఆగి లోపలికి తొంగిచూసేవి. ఎవరి పొగో ఆవిడకు తెలిసేది. ఆవిడెవరో మాత్రం వాటికి తెలిసేది కాదు. కళ్ళు తెరిస్తే తమ్ముడు పలక అంచును కంటికి ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తుండేవాడు.

పెట్టె బయటి భాగానికి పాత తలుపు టేకు, లోపల చుట్టల చెక్క అస్తరు. ఆ అస్తరును పెట్టె అంచు కన్నా వేలు మందం పైకి లేపాడు, మూత దాని మీదుగా దిగి కూర్చునేట్టు. మూడో మూత కుదిరింది. పైకెత్తి వదిలితే టక్కున పడలేదు, లోపలి గాలి అడ్డం పడి నిట్టూరుస్తూ దిగింది. ఇద్దరూ దాన్ని పదిసార్లు ఎత్తి వదిలారు. ఇంత వయసొచ్చి పసిపిల్లల్లా ఏంటని మరదలు వచ్చి, తనూ నాలుగుసార్లు ఎత్తి వదిలింది.

తర్వాత చెక్కకు నీళ్ళు తాగించాలి. పొడి చెక్కలో చుట్టలు పెడితే అది వాటి తడే లాక్కుంటుంది. బ్యాటరీల్లో పోసే శుభ్రమైన నీళ్ళు తెప్పించి, గుడ్డ తడిపి, రోజుకోసారి లోపలంతా తుడిచి, చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టి మూసేవారు. మూలలు తుడుస్తుంటే తమ్ముడు చటుక్కున అక్క చేయి పట్టుకున్నాడు. గుడ్డ మీద రక్తం. చూపుడు వేలికి పుల్ల గుచ్చుకుని ఇంకా అందులోనే ఉంది.

"తెలియలేదా అక్కా?"

"ఏదో ఆలోచనలో ఉన్నాను."

అతను పుల్ల తీశాడు. తీస్తున్నప్పుడు ఆవిడ మొహం వంకే చూశాడు, ఆ మొహం కదల్లేదు. ఇక దాచడం కుదర్లేదు. అన్నీ విన్న మరదలు ఎప్పుడూ లేనిది ఒక్క మాట కూడా అనకుండా పైకి వెళ్ళి, చేతుల డాక్టరు ఉండే పెద్ద ఊరికి బస్సు ఎన్నింటికో కనుక్కుని వచ్చింది.

ఆడవాళ్ళిద్దరూ వెళ్ళి మూడో రోజుకు తిరిగొచ్చారు. డాక్టరు మంచివాడే. మణికట్టు దగ్గర నరం ఏళ్ళ తరబడి నలిగిపోయిందనీ, అరచేతిలో ఉన్నది కాపాడవచ్చు గానీ వేళ్ళ కొసల్లో పోయింది తిరిగి రాదనీ చెప్పాడు. బస్సులో మరదలు కొంగుతో ముక్కు తుడుచుకుంటూనే ఉంది. కొలబద్దమ్మ మాత్రం కిటికీలోంచి వెనక్కి పోతున్న ఇళ్ళను చూస్తూ పెట్టె గురించి ఆలోచించుకుంది. ఈపాటికి చెక్క తడి తాగి ఉంటుంది. వెళ్ళగానే చుట్టలు వరసగా పేర్చాలి. యాభై ఉంటాయి, తను పోయాక కూడా ఉంటాయి. ఎవరో మూత తీసి, ఇవెవరు చుట్టారు అంటారు. ఆ మాట చాలు.

ఇక్కడ వడ్రంగి సంగతి ఒకటి చెప్పాలి. పదమూడేళ్ళప్పుడు అతనికి పని నేర్పిన మేస్త్రీ, తలుపు పై అంచుకు మెరుగు పెట్టలేదని అతన్ని రెండు రోజులు పనిలోంచి తరిమేశాడు. తలుపు పై అంచు ఎవడు చూస్తాడు? ఎవడూ చూడడు, వాన చూస్తుంది. కనపడేచోట ప్రతివాడూ మెరుగు పెడతాడు, కనపడనిచోట పెట్టినవాడే వడ్రంగి అన్నాడు మేస్త్రీ. ఆ మాట అతనికి ఎముకల్లో దిగింది. అక్క ఊళ్ళో లేనప్పుడు పెట్టె మూత తీసి చూస్తే లోపలంతా పచ్చి చెక్క, పైగా తడి. ఎన్నాళ్ళుంటుంది పాపం? బూజు పడుతుంది. దాన్ని సగం పూట ఎండలో ఆరబెట్టి, లోపల మూల మూలకీ పల్చటి వార్నిష్ రెండు పూతలు పూశాడు, రంగు తెలియని రకం. మర్నాడు పొద్దున తడి గుడ్డ పెట్టిన చిల్లుల డబ్బా ఒక మూల అమర్చి, చుట్టలు యాభై తనే పేర్చి మూత వేశాడు. లోపల ఏ పూతా పడకూడదని అక్క అతనికి చెప్పలేదు. కార్ఖానాలో చీపురు పట్టేవాడికి కూడా తెలిసిన సంగతి అది, చెప్పాలని ఆవిడకు తోచలేదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరైనా చెబుతారా?

కొలబద్దమ్మ చెప్పులు విడిచి నేరుగా షెడ్డులోకి వచ్చింది. తమ్ముడు బల్ల మీది గుడ్డ తీశాడు. టేకు నిగనిగలాడుతోంది. "తియ్యక్కా," అన్నాడు.

మూత ఎత్తగానే వాసన మొహానికి కొట్టింది. ఆవిడ ముక్కు నలభై ఏళ్ళ ముక్కు, రెండో శ్వాస అవసరం లేదు. పొగాకు ఎలాంటిదంటే పక్కన ఏది పెడితే దాని వాసన తాగేస్తుంది, తాగినది ఇక వదలదు. యాభైకి యాభై వార్నిష్ తాగేశాయి. ఆవిడ వాటి వంక చూస్తూ నిలబడింది. చుట్టలు మెత్తగా, నిండుగా, ఒక్క చీలిక కూడా కొత్తగా లేకుండా ఉన్నాయి. ఇవి ఉంటాయి, కానీ మూత తీసినవాడు ఇవెవరు చుట్టారని అడగడు, మూత వేసేస్తాడు. తమ్ముడి మొహం చూసింది. పరీక్ష రాసొచ్చిన పిల్లాడి మొహం అది. ఆవిడ మింగలేకపోయింది, కక్కలేకపోయింది.

"వాసన ఎలా ఉందిరా?" అంది చివరికి.

అతను ముక్కు లోపలికి పెట్టి గాలి పీల్చాడు. "అమృతం."

ఆవిడకు ఏదో తేడాగా అనిపించింది. ఒక చుట్ట తీసి అతనికిచ్చింది. దాచుకున్నవి కదా అని అతను వెనక్కి తగ్గాడు. కాల్చమంది. అతను దాన్ని వేళ్ళ మధ్య రెండుసార్లు దొర్లించి, వెలిగించి, కళ్ళు మూసుకున్నాడు. పొగ షెడ్డులో పరుచుకుంది. అది ఎలాంటి కంపంటే, కొత్తగా రంగులేసిన ఇల్లు తగలబడుతున్నట్టుంది. అతను తన్మయంగా, "ఇదీ చుట్టంటే. నెల పైనే అయింది. ఇది నీదేనక్కా," అన్నాడు.

అప్పుడే సంచులతో లోపలికొచ్చిన మరదలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఏం తగలబెడుతున్నారండీ? తలుపా?"

అతను కళ్ళు తెరిచాడు. భార్యనూ అక్కనూ చూశాడు. చుట్ట వంక చూశాడు. పెట్టె దగ్గరికి వెళ్ళి మళ్ళీ పీల్చాడు, ఈసారి గట్టిగా, ఎంత పీల్చినా ఏమీ దొరకనివాడిలా. అతని మొహం పాలిపోయింది.

"వార్నిష్ వాసనా?" అన్నాడు మెల్లగా.

"నీకు తెలియట్లేదా?"

"తెలియక పదిహేనేళ్ళైంది అక్కా. వార్నిష్, జిగురు, రంపపు పొడి, అన్నీ కలిసి ముక్కును తినేశాయి. చెబితే మీరు పని మానెయ్యమంటారని చెప్పలేదు."

మరదలే ముందు తేరుకుంది. "అయితే పదిహేనేళ్ళుగా నా కూర ఘుమఘుమలాడుతోందని అన్నదంతా ఏంటండీ?"

"ఆవిరి కనపడుతుంది కదా," అన్నాడు అతను నేల చూస్తూ.

కొలబద్దమ్మ నవ్వలేదు. ఆవిడ చాలా దూరంలో ఉంది. పదిహేనేళ్ళు, రోజుకు రెండు, బాగుందక్కా, బాగుందక్కా. "మరి నా చుట్టలో ఏం బాగుందిరా? గడ్డి పెట్టి చుట్టినా నీకు తెలిసేది కాదు. కొట్టు చుట్ట మాత్రం బాగాలేదని మొహం చిట్లించావు."

"ఎందుకు తెలియదు," అన్నాడు. అతని గొంతులో కొంచెం కోపం కూడా ఉంది. "నీది చీకట్లో నూటిలో పెట్టినా తీస్తాను. నువ్వు ఎడమచేతి వాటం. పై ఆకు అందరిదీ ఒకవైపు తిరుగుతుంది, నీది రెండోవైపు తిరుగుతుంది. పెదవి మీద పెట్టగానే తెలుస్తుంది. కొస దగ్గర రెండు మడతలు ఎక్కువ నొక్కుతావు, అందుకని మొదటి దమ్ము కొంచెం బిగువు, తర్వాత వదులవుతుంది. నీ చేయి బాగోలేని ఈ ఏడాదివి కూడా తెలుసు. నడుం దగ్గర బిగువు ఎక్కువైంది. అక్క గట్టిగా పట్టుకుంటోంది, ఎందుకో అనుకున్నాను. అడగలేదు."

ఎడమచేతి వాటం కనపడకూడదని కార్ఖానాలో ఆవిడ చుట్టలన్నిటినీ పెట్టెల్లో అడుగు వరసలో సర్దేవారు. కార్ఖానా దాటాక తన చుట్టను గుర్తుపట్టేవాళ్ళు లోకంలో లేరనే అనుకుంది. ఇప్పుడు కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు.

"రేపు లోపల చిత్రిక పట్టి పూతంతా తీసేస్తాను," అన్నాడు తమ్ముడు. "వాటికి పట్టిన వాసన పోతుందేమో చూద్దాం."

"పోదు. వీటిని ఇక ఎవరూ కాల్చలేరు, నువ్వు తప్ప."

అతను తలెత్తలేదు. చేతిలోని చుట్ట ఆరిపోయింది. మరదలు సంచులు కింద పెట్టి, కొంగు ముక్కు మీంచి తీసి, కిటికీ రెక్కలు రెండూ తెరిచి, అక్కడే పీట మీద కూర్చుంది.

కొలబద్దమ్మ పెట్టెలోంచి ఇంకో చుట్ట తీసి ఎడమ అరచేతిలో పెట్టుకుంది. దాని బరువు లీలగా తెలుస్తోంది, అంతే. తమ్ముడి చేయి పట్టుకుని దాని మీద వేసుకుంది.

"నా వేళ్ళకు ఇది లేదురా. ఎలా ఉందో చెప్పు."

అతను ఆవిడ చూపుడు వేలు పట్టుకుని చుట్ట కొస మీద ఆనించాడు. ఇక్కడ మొదలుపెట్టావక్కా అన్నాడు. ఇక్కడ ఆకు ఒక ఈనె మీదుగా ఎక్కింది, దాన్ని బొటనవేలితో అణిచావు. ఇక్కడ కొంచెం ఆగావు, ఎవరో పిలిచి ఉంటారు. ఇక్కడ మళ్ళీ పట్టుకున్నావు. వేలిని మెల్లగా జరుపుతూ, ఎడమవైపుగా తిప్పుతూ, చివరి దాకా చెప్పాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. అతను చెప్పడం అయిపోయాక కూడా కాసేపు అలాగే ఉంది.

"సరే," అంది. "వెలిగించు."